సూది మానమన్న తమ్ముడు

"స్వీట్లు బాగా తింటావా?"

కుళ్ళాయమ్మకు షుగరుందని తేలిన రోజు డాక్టరు ఆమెను అడిగిన మొదటి మాట ఇది. 1994 ఎండాకాలం, ధర్మవరంలో ఒక చిన్న క్లినిక్. ఆమెకప్పుడు ముప్పై అయిదేళ్ళుంటాయేమో. ఎముకల మీద చర్మం తప్ప ఇంకేం లేని మనిషి. కొన్ని నెలలుగా ఎన్ని నీళ్ళు తాగినా దాహం తీరడం లేదు. మగ్గం గుంతలో కూర్చున్న కాసేపటికే లేచి పెరట్లోకి పోవలసి వస్తోంది. ఉన్న కాస్త కండా కరిగిపోతుంటే భర్త తిమ్మరాజు భయపడి బలవంతంగా తీసుకొచ్చాడు.

"మా ఇంట్లో బెల్లం కనపడేదే ఉగాది పండక్కి సార్" అంది కుళ్ళాయమ్మ.

"అందరూ ఇట్లే అంటారు" అన్నాడు డాక్టరు, తల కూడా ఎత్తకుండా మాత్రలు రాస్తూ.

నేను వాళ్ళ ఎదురింట్లో పెరిగిన దాన్ని. కుళ్ళాయమ్మ ఆ సంగతి నాకు చాలాసార్లు చెప్పింది, చెప్పిన ప్రతిసారీ ఆమె ముఖం ఎర్రబడేది. జబ్బు వచ్చినందుకు ఆమెకంత బాధ లేదు. తను అబద్ధమాడుతోందని అతను అనుకున్నందుకే ఆ మంట. ఇంటికొస్తే వీధి కూడా అదే పాట పాడింది. మగ్గం సామాను అమ్మే ఆయన, కుళాయి దగ్గర ఆడవాళ్ళు, చివరికి సొంత ఆడబిడ్డ కూడా: "ఏం తింటివమ్మా అంతగా?"

ఆమె ఏం తిన్నదో నేను చెప్తాను. సోమందేపల్లిలో పుట్టింది. వాన పడితే చెనక్కాయ పంట, పడకపోతే ఏమీ లేదు. రాగిసంగటి, నంచుకునేదానికి ఊరిబిండి. అది కూడా రెండు పూటలా ఉండేది కాదు. తల్లి పోయేనాటికి తమ్ముడు నరసప్పకు ఇంకా సరిగా మాటలు రాలేదు. వాణ్ణి చంకనేసుకొనే ఆమె నేతకు దారపు కండెలు చుట్టింది, వాడు బడికి పోయే వయసుకి మగ్గమెక్కింది. ఉన్న సంగటి వాడికి పెట్టి తను మజ్జిగనీళ్ళు తాగి పడుకున్న రోజులున్నాయి. నరసప్ప చదువుకుని, ట్రైనింగు చేసి, హిందూపురంలో టీచరయ్యాడు. అక్కేమో ధర్మవరంలో తిమ్మరాజును చేసుకుని పట్టుచీరలు నేసింది. ఇదీ ఆమె తిన్న తీపి.

ఆరేళ్ళు మాత్రలతో నెట్టుకొచ్చింది. ఉంటే మింగేది, లేకపోతే ఊరుకునేది. మాత్రలు ఎందుకు మింగాలో, మింగకపోతే ఏమవుతుందో ఆమెకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. 2000 వచ్చేసరికి మాత్రలు పని చేయడం మానేశాయి. కళ్ళు మసకలు కమ్మి జరీపోగుకూ పట్టుపోగుకూ తేడా తెలియని స్థితి వచ్చింది. అప్పుడు ఎవరో చెప్తే తిమ్మరాజు ఆమెను రైల్లో హిందూపురం తీసుకెళ్ళాడు. అక్కడ సంగీత అని కొత్తగా ప్రాక్టీసు పెట్టిన డాక్టరు ఉండేది.

ఆ డాక్టరమ్మ స్వీట్ల మాట ఎత్తలేదు. "చిన్నప్పుడు తిండికి ఇబ్బంది పడినారా అమ్మా?" అని అడిగింది.

ఆరేళ్ళలో మొదటిసారి కుళ్ళాయమ్మను ఒకరు సరైన ప్రశ్న అడిగారు.

"కడుపులో జీర్ణాశయం వెనక క్లోమమని ఒక అవయవముంటుంది" అని చెప్పింది సంగీత. "అందులో అక్కడక్కడా గుంపులుగా చిన్న కణాలుంటాయి. బీటా కణాలంటారు. ఇన్సులిన్ తయారుచేసేది అవే. తిండి లేకుండా పెరిగినవాళ్ళకు అవి మొదటినుంచే తక్కువగా ఉంటాయేమోనని ఇప్పుడు పెద్ద డాక్టర్లు అంటున్నారు. ఇంకా తేలలేదు కానీ మీలాగా సన్నగా ఉండి షుగరొచ్చినవాళ్ళను నేను రోజూ చూస్తాండాను."

"అవి చెడిపోయినాయా నాకు?"

"చెడిపోతాండాయి. రక్తంలో చక్కెర ఎక్కువైతే వాటికి పని ఎక్కువవుతుంది. చక్కెరను కాల్చుకునే పని చేస్తాయి కదా, కాల్చినప్పుడు పొగొచ్చినట్లు, వాటి లోపల ఒక రకం చెడు పుడుతుంది. లివరులో కూడా అది పుడుతుంది. కానీ లివరుకు దాన్ని బయటికి పంపే ఏర్పాట్లు బాగుండాయి. పెద్ద కిటికీలుండే వంటిల్లు అనుకోండి. ఈ బీటా కణాలకు అట్లాంటి ఏర్పాట్లు చాలా తక్కువ. కిటికీ లేని గదిలో పొయ్యి పెట్టినట్లు. పొగకు ఉక్కిరిబిక్కిరై మొదట పని మానేస్తాయి, తరువాత చచ్చిపోతాయి. కొన్ని చచ్చిపోతే ఉన్నవాటి మీద ఇంకా భారం పడుతుంది. మీరు మింగే మాత్రలు వాటిని ఇంకా పని చెయ్యండని అదిలిస్తాయే కానీ వాటికి విశ్రాంతి ఇవ్వవు."

"ఆ పొగ పోయేదానికి మందు లేదా అమ్మా?"

"లేదు. విటమిన్ బిళ్ళలు ఇచ్చి పరీక్షలు చేసి చూసినారు. పని చేస్తాయని రుజువు కాలేదు. బయటినుంచి ఇన్సులిన్ ఇస్తే చక్కెర దిగుతుంది, పొయ్యి మంట తగ్గుతుంది. మిగిలినవి కొన్నాళ్ళు ఊపిరి పీల్చుకుంటాయి. అందుకే సూది."

కుళ్ళాయమ్మ ఏడవలేదు. సూదంటే చివరి అంకమని వీధిలో అందరూ అంటున్నా లెక్కచెయ్యలేదు. తనంతట తానే పొట్టకు సూది వేసుకోవడం నేర్చుకుంది. ఇంట్లో ఫ్రిజ్ లేదు. కొత్త కుండలో తడి ఇసుక పోసి, మందు బుడ్డిని డబ్బాలో పెట్టి ఆ ఇసుకలో దాచేది. రోజూ ఇసుక తడిపేది. నెల తిరక్కుండానే దాహం తగ్గింది. కళ్ళు తేటపడ్డాయి. చెంపలకు కాస్త కండ పట్టింది. ఏడాది గడిచేసరికి తిమ్మరాజుతో పాటు మళ్ళీ మగ్గం మీద కూర్చుని చీరలకు బుటాలు వేస్తూ అందరి మీదా అరవడం మొదలుపెట్టింది. ఆమె అరుపులు వినపడితే మా వీధికి కూడా ధైర్యంగా ఉండేది.

అప్పుడొచ్చాడు తమ్ముడు నరసప్ప.

ఆదివారం పొద్దున బైకు మీద వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, టై, తోలు బ్యాగు. బడిపంతులు టై కట్టుకోవడం మా వీధి అప్పటిదాకా చూడలేదు. బ్యాగులోంచి ఎర్ర కాప్సూళ్ళ డబ్బాలు తీసి అరుగు మీద పేర్చాడు. ఒకరిని ఇంకొకరు చేర్పించుకుంటూ పోయే కంపెనీల కాలమది. హిందూపురం చుట్టుపక్కల టీచర్లు, ఎల్ఐసీ ఏజెంట్లు చాలామంది అట్లాంటి వాటిలో చేరారు.

"అక్కా, నీకు సూది ఇంక అక్కర్లేదు" అన్నాడు.

"యాడ చదివినావురా డాక్టరు చదువు?"

"నవ్వొద్దు, విను. మన క్లోమంలో బీటా కణాలని ఉంటాయి. షుగరెక్కువైతే వాటిలో ఫ్రీ రాడికల్స్ అని పుడతాయి. అవి కణాన్ని లోపల్నించే నాశనం చేస్తాయి. ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారు దాన్ని."

కుళ్ళాయమ్మ చేతిలో పని ఆపేసింది. "డాక్టరమ్మ పొగ అన్న్యాది. అదేనా?"

"అదే! అదే పొగ అక్కా. ఈ కాప్సూలు ఆ పొగను కడిగేస్తాది. యాంటీ ఆక్సిడెంట్ ఇది. చచ్చిన కణాలు మళ్ళా మొలుస్తాయి. సూది యేసుకుంటా ఉంటే వాటికి పని లేక సోమరిగా అయిపోయి అట్లే చచ్చిపోతాయి. నాకూ షుగరొచ్చిందని నీకు తెలుసు కదా. సూది మానేసినా. నన్ను చూడు, ఎట్లుండానో."

మనిషి నిజంగానే నిగనిగలాడుతున్నాడు.

అతను పూర్తిగా అబద్ధం చెప్పి ఉంటే కుళ్ళాయమ్మ ఆ డబ్బాలను వీధిలోకి విసిరేసేది. ఆమె సంగతి నాకు తెలుసు. కానీ అతని మాటలో సగం డాక్టరమ్మ చెప్పిన మాటే. కణాలు, వాటి లోపల పుట్టే చెడు, అవి చచ్చిపోవడం, అన్నీ నిజమే. నిజం అయిపోయిన చోట, ఎవరికీ కనపడకుండా, సరుకు అంటించాడు. చదువురాని అక్కకు ఆ అతుకు కనపడలేదంటే అది ఆమె తప్పా? పైగా చెప్పింది ఎవరు? తన సంగటి తిని పెరిగినవాడు.

తిమ్మరాజుకు నమ్మకం కుదరలేదు. "డాక్టరమ్మను ఒక మాట అడిగి మానుదాం" అన్నాడు.

"డాక్టర్లకు మందుల కంపెనీలు కమీషనిస్తాయి బావా. వాళ్ళు మానమంటారా?" అన్నాడు నరసప్ప. తను అమ్మే డబ్బా మీద తనకొచ్చే కమీషను గురించి మాత్రం మాట్లాడలేదు.

కుళ్ళాయమ్మ సూది మానేసింది. ఇసుక తడపడం మానేసింది.

రెండో వారంలో నరసప్ప ఆమెను సోమందేపల్లికి పిల్చుకుపోయాడు. హైవే పక్కన ఒక షెడ్డులో మీటింగు. జనం బాగానే వచ్చారు. రైతులు, కూలివాళ్ళు, బస్సు దిగి వచ్చిన పెన్షనుదారులు. నరసప్ప అక్కను అరుగెక్కించి మైకు పట్టుకున్నాడు.

"ఈమె మా సొంత అక్క. మీ ఊరి ఆడబిడ్డే. ఏడేండ్ల షుగరు. సూది మానేసింది. ముఖంలో కళ చూడండి!"

జనం చప్పట్లు కొట్టారు. కళ ఉన్న మాట వాస్తవమే. ఏడాదిపాటు ఇన్సులిన్ తెచ్చిపెట్టిన కళ అది. మానేసి పది పదిహేను రోజులే అయింది కాబట్టి ఇంకా మిగిలుంది. కుళ్ళాయమ్మకు తమ్ముడి గొంతు మైకులో వినపడుతుంటే గర్వంగా అనిపించింది. పుట్టినూళ్ళో తనను ఎవరైనా అరుగెక్కించి చూపడం అదే మొదలు.

నెల దాటాక దాహం తిరిగొచ్చింది. నరసప్పకు ఫోను చేస్తే, "కడుగుతాండాది అక్కా, మురికంతా బయటికి పోతాండాది, రెండు కాప్సూళ్ళు ఎక్కువ మింగు" అన్నాడు. మగ్గం కింద కాలితో తొక్కే చెక్క ఒకటి చీలి ఎడమకాలి వేలికి గీసుకుంది. నొప్పి తెలియలేదు. షుగరు కాళ్ళలో స్పర్శను ఎప్పుడో తినేసింది. పుండు పడింది, చీము పట్టింది. వాసన వచ్చేదాకా ఆమె చూసుకోలేదు. ఒకరోజు మధ్యాహ్నం చీర నేస్తూనే ముందుకు ఒరిగి పడుగు దారాల మీద పడిపోయింది. తిమ్మరాజు కేకకు మా వీధంతా పరిగెత్తింది. మాట లేదు, ఊపిరి ఎగబీలుస్తోంది. అద్దె జీపులో పెనుకొండ మీదుగా హిందూపురం తీసుకుపోయారు.

ప్రాణం దక్కింది. ఎడమకాలి రెండు వేళ్ళు తీసేశారు.

స్పృహ వచ్చాక డాక్టర్ సంగీత మంచం పక్కకొచ్చి నిలబడింది. ఆమె కోపంతో ఉంది. "ఎవరు మానమన్నారమ్మా మిమ్మల్ని? అంత వివరంగా చెప్పినా కదా!"

"నా తమ్ముడు" అంది కుళ్ళాయమ్మ నీరసంగా. "నీ మాటే చెప్పినాడమ్మా వాడు. నీ పొగ మాటే. అందుకే నమ్మినా."

తిమ్మరాజు సంచిలోంచి డబ్బా తీసి డాక్టరుకిచ్చాడు. ఆమె దాని మీద రాసింది చదివింది. "ఏవో విటమిన్లు, ద్రాక్ష గింజల పొడి. ఇవి తింటే ఎవరూ చావరు. కానీ ఇవి ఉన్నాయి కదా అని సూది మానితే చస్తారు" అంది.

రోజూ కట్టు మార్చాలి, అందుకని హిందూపురంలోనే ఉండాలి. ఉండడానికి ఉన్న ఇల్లు నరసప్పదే. అప్పటికి కుళ్ళాయమ్మకు తమ్ముడి మీద ఇంకా పూర్తి కోపం రాలేదు. వాడు కూడా నమ్మి మోసపోయాడనుకుంది. వాడికి కూడా ఇట్లా అవుతుందేమోనని భయపడింది. తిమ్మరాజు మగ్గం పనికి వెనక్కి పోతే, కుంటుకుంటూ తమ్ముడింటికి చేరింది.

మరుసటి రోజు పొద్దున, నరసప్ప బడికి పోయాక, ఆసుపత్రిలో ఇచ్చిన ఇన్సులిన్ బుడ్డిని చల్లగా పెట్టాలని ఫ్రిజ్ తెరిచింది. తలుపులో గుడ్లు పెట్టే చోట, అల్లం ముక్కల వెనక, ఇంకో బుడ్డి ఉంది. అదే మూత, అదే చీటీ. సగం ఖాళీ. పక్కన వాడిన సిరంజి.

నరసప్ప భార్య బాలమ్మ బయట బట్టలారేసి లోపలికి వచ్చింది.

"ఎవరిది బాలమ్మా ఇది?"

బాలమ్మ గబగబా వచ్చి ఫ్రిజ్ తలుపు మూయబోయింది.

"నిన్నే అడుగుతాండా. ఎవరిది?"

"మీ తమ్మునిదే వదినా. ఎవురికీ చెప్పొద్దు. మీకు దండం పెడతా."

"ఎప్పుడు మొదలుపెట్టినాడు మళ్ళా?"

"మానిందెప్పుడు వదినా, మళ్ళా మొదలుపెట్టేకి? ఒక్క పూట కూడా మానలేదు. తిరుపతికి పోయినా ఫ్లాస్కులో పెట్టుకునే పోయినాడు."

కుళ్ళాయమ్మ ఫ్రిజ్ తలుపు మూసింది. వంటింట్లోనే పీట మీద కూర్చుంది. సాయంత్రం దాకా అన్నం ముట్టలేదు, కట్టు మార్చుకునేదానికి పోలేదు. నరసప్ప వచ్చి చెప్పులు విడుస్తుండగానే లేచింది.

"ఫ్రిజ్జులో బుడ్డి చూసినా."

అతను భార్య వైపు చూశాడు.

"దాన్ని చూడొద్దు, నన్ను చూడు. నీకు సూది కావల్లా, నాకు వద్దా?"

"అక్కా, నేను కాప్సూళ్ళు కూడా తింటాండా. రెండూ పని చేస్తాండాయి..."

"నాకు మానమని ఎందుకు చెప్తివిరా?"

"మీటింగుల్లో అట్లే చెప్పమంటారు. నేను సూది తీసుకుంటాండానంటే ఎవరు కొంటారు? నువ్వు నిజంగా పూర్తిగా మానేస్తావని నేను అనుకోలా అక్కా. కొంచెం కొంచెంగా తగ్గిస్తావేమో అనుకుంటి."

"ఫోన్ చేస్తి కదరా. దాహమైతాందని చెప్తి కదా. రెండెక్కువ మింగమంటివి."

"కూర్చో అక్కా, కాలు నొప్పి పుడుతుంది" అన్నాడు.

కుళ్ళాయమ్మ అతని చెంప మీద కొట్టింది. కొట్టిన ఊపుకు తనే తూలి గోడ పట్టుకుంది. ఆ ఇంట్లో ఇంక ఒక్క క్షణం ఉండలేదు. కట్టు కట్టిన కాలితో వీధిలోకి వచ్చి ఆటో ఎక్కి ఆసుపత్రికి పోయి, "నేను ఈడనే వరండాలో పడుకుంటా" అంది. కాలు కాస్త నయమయ్యేదాకా ఆ వరండాలోనే ఉంది.

ఆమె ధర్మవరం తిరిగొచ్చి చేతి కర్రతో నడవగలిగేసరికి నరసప్ప వాళ్ళ కంపెనీ పెద్ద మీటింగు పెనుకొండలో ఒక కల్యాణమండపంలో పెట్టారు. గోడల మీద కాగితాలు అంటించారు. కుళ్ళాయమ్మ పోతానంటే తిమ్మరాజు వద్దన్నాడు. "వాడు నీ తమ్ముడు. నలుగుర్లో పరువు తీస్తే నీకేమొస్తాది?"

"నా వేళ్ళు పోయినప్పుడు నలుగురూ యాడుండిరి?" అని రైలెక్కింది. తిమ్మరాజు కూడా వెంట వచ్చాడు.

మండపం నిండిపోయింది. వేదిక మీద బెంగుళూరు నుంచి వచ్చిన కోటు మనిషి, పక్కన నరసప్ప. వెనక తెల్లగుడ్డ మీద క్లోమం బొమ్మ, దాని మీద నల్ల చుక్కలు. నరసప్ప మైకులో అవే మాటలు చెప్తున్నాడు: ఫ్రీ రాడికల్స్, బీటా కణాలు, నేను సూది మానేసినాను. కుళ్ళాయమ్మ కర్ర ఊనుకుంటూ నడుమ నడవలోంచి ముందుకు పోయింది. ఎవరో ఆపబోతే, "నేను వాని అక్కను" అంది. దారి ఇచ్చారు.

వేదిక ముందు నేల మీద కూర్చుని కట్టు విప్పింది. కాలు ముందుకు చాపి అందరికీ కనపడేలా తిప్పింది.

"సోమందేపల్లిలో వీడు నన్ను అరుగెక్కించి చూపించినాడు. చూసినోళ్ళు ఈడ ఎవరైనా ఉంటే ఇప్పుడు కూడా చూడండి. సూది మానితే ఇట్లయింది. వీడు మానలేదు. వీడింట్లో ఫ్రిజ్జులో ఇన్సులిన్ ఉండాది."

మండపంలో కలకలం రేగింది. నరసప్ప ముఖం పాలిపోయింది. "అక్కకు జబ్బులో మతి చలించింది. నా ఇంట్లో అట్లాంటిదేమీ లేదు" అన్నాడు మైకులోనే.

కుళ్ళాయమ్మ ఆడవాళ్ళ వరసల వైపు తిరిగింది. బాలమ్మ రెండో వరసలో పట్టుచీర కట్టుకుని కూర్చుంది. "బాలమ్మా, నువ్వు చెప్పు."

బాలమ్మ కొంగు సర్దుకుని లేచి నిలబడింది. భర్త వైపు చూడలేదు.

"ఉండాది" అంది. "రోజూ నేనే సిరంజిలోకి ఎక్కిచ్చి ఇస్తా."

అంతే. కోటు మనిషి మైకు లాక్కుని, వాడే పద్ధతి సరిగా లేకపోతే ఫలితం రాదని, కంపెనీకి సంబంధం లేదని ఏదో అన్నాడు. సగం మంది లేచి వెళ్ళిపోయారు. సగం మంది వెళ్ళలేదు. ఆ సగం మందిలో కొందరు కుళ్ళాయమ్మను తిట్టారు, తోడబుట్టినవాణ్ణి ఇట్లా చేస్తావా అని. ఆ రోజు కూడా వెనక బల్ల దగ్గర డబ్బాలు అమ్ముడుపోయాయి. తిమ్మరాజు నాకు ఈ మాట చెప్పినప్పుడు నేను నమ్మలేకపోయాను.

బయట మెట్ల మీద కూర్చుని కట్టు కట్టుకుంటుంటే ఒకామె వచ్చి ఎదురుగా నిలబడింది. పేరు రూతమ్మ. సోమందేపల్లిలో హైవే పక్కన ఆమె భర్త దేవదాసుకు టీకొట్టు ఉండేది.

"ఆ పొద్దు షెడ్డులో నిన్ను చూసి మా ఆయన సూది మానేసినాడు" అంది రూతమ్మ. "నరసప్ప మాటకు కాదు. ఆయప్ప అమ్మేటోడు కదా అన్నాడు. నిన్ను చూసి మానినాడు. ఈమెకు అబద్ధం చెప్పాల్సిన పనేముంది అన్నాడు. ఇప్పుడు లేవలేకుండా పడుండాడు. మళ్ళా యేసుకోమంటే నా మాట వినడు."

కుళ్ళాయమ్మ చేతిలో కట్టుగుడ్డ అట్లాగే ఆగిపోయింది. అప్పటిదాకా ఆమె కోపమంతా తమ్ముడి మీదే. ఇప్పుడు ఆ అరుగు మీద చప్పట్లకు సంతోషపడిన తన మీదికి కూడా తిరిగింది. కట్టు బిగించి లేచి, "పద" అంది.

ముగ్గురూ బస్సెక్కి సోమందేపల్లి పోయారు. దేవదాసు మంచం మీద కళ్ళు లోతుకు పోయి, పెదాలు ఎండిపోయి పడున్నాడు. మంచం కింద ఎర్ర కాప్సూళ్ళ డబ్బాలు.

"నన్ను గుర్తుపట్టినావా అన్నా?"

అతను తలాడించాడు.

"నన్ను చూసి మానినావంట కదా. ఇప్పుడు చూడు!" కుళ్ళాయమ్మ కాలెత్తి మంచం పట్టె మీద పెట్టింది. "ఆ పొద్దు నా ముఖంలో ఉండే కళ సూదిదే అబ్బా! ఈ బిళ్ళలది కాదు. నాకే తెలీదు ఆ పొద్దు. నిన్ను నేనే చంపుతాండానని తెలీదు నాకు. లెయ్! లెయ్యవా? నువ్వు లేచేదాకా నేను ఈ ఇంట్లోంచి కదల్ను."

అరుపులకు ఇరుగుపొరుగు గుమిగూడారు. దేవదాసు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. లేవడానికి ప్రయత్నించాడు, లేవలేకపోయాడు. తిమ్మరాజు, పక్కింటాయన కలిసి అతన్ని మోసుకెళ్ళి హిందూపురం పోయే లారీ ఒకటి ఆపి క్యాబిన్లో పడుకోబెట్టారు. సంగీత ఆసుపత్రిలో వారం పైనే ఉంచారు. బతికాడు. కానీ ఎడమకంటి చూపు మళ్ళీ రాలేదు. రూతమ్మ టీకొట్టును తనే నడిపింది.

ఆ తరువాత కుళ్ళాయమ్మ మళ్ళీ మగ్గమెక్కడానికి చాలా కాలం పట్టింది. రెండు వేళ్ళు లేని కాలు చెక్క మీదనుంచి జారిపోయేది. తిమ్మరాజు చెక్కకు మందంగా గుడ్డ చుట్టి, మేకులు కొట్టి, కాలు నిలిచేలా చేశాడు. పెద్ద బుటాల చీరలు మానేసి సాదా అంచు చీరలు నేసింది. ఆమెలో మిగిలిన బీటా కణాలు ఎన్నో, మానేసిన ఆ కొన్ని నెలల్లో పోయినవి ఎన్నో చెప్పే పరీక్ష ఏదీ మా ఊళ్ళో లేదు. డాక్టర్ సంగీత మాత్రం, ఇదివరకు సరిపోయిన మోతాదు ఇప్పుడు సరిపోవడం లేదని, పెంచుతూ పోవలసి వస్తోందని చెప్పింది. కుళ్ళాయమ్మ ఆ మాట విని పళ్ళు కొరికింది.

నరసప్ప ఆ కంపెనీ వదిలేశాడు. వదిలేశాడనడం కంటే, అతని దగ్గర కొనేవాళ్ళు లేకుండా పోయారు. బాలమ్మతో చాలా రోజులు మాట్లాడలేదంట. ఆమె మాత్రం రోజూ సూది ఎక్కించి ఇస్తూనే ఉంది.

2004లో ఒక రోజు అతను ధర్మవరం వచ్చాడు. టై లేదు, బ్యాగు లేదు. నేను మా అరుగు మీద కూర్చుని ఉన్నాను, అంతా చూశాను. కుళ్ళాయమ్మ వాకిట్లో పట్టుపోగులు ఆరబెడుతోంది. నరసప్ప గేటు దగ్గరే ఆగాడు.

"అక్కా, తప్పయిపోయింది."

ఆమె పని ఆపలేదు.

"చానా రోజుల్నించి చెప్పల్లనుకుంటాండా. తప్పయిపోయింది. నువ్వు పెంచినోణ్ణి. క్షమించు."

"నాకు చెప్తే ఏమొస్తాదిరా?" అంది కుళ్ళాయమ్మ. అరవలేదు. ఆమె అరవకుండా మాట్లాడడం నేను ఎప్పుడో కానీ వినలేదు. "నా వేళ్ళు మొలుస్తాయా? సోమందేపల్లికి పో. నన్ను ఎక్కించినావే, ఆ షెడ్డులో నిలబడు. దేవదాసన్నను పిలు. ఆ పొద్దు చప్పట్లు కొట్టినోళ్ళందర్నీ పిలు. నేను సూది మాన్లేదు, మిమ్మల్ని మానమని చెప్తి అని ఆడ చెప్పు. చెప్పినంక నా ఇంటికి రా. అన్నం పెడతా."

"ఉద్యోగంలో ఉండే వాణ్ణి అక్కా. జనంలో అట్లా చెప్తే..."

"అబద్ధం జనంలోనే చెప్తివి కదరా. మైకు పట్టుకొని చెప్తివి."

తిమ్మరాజు బయటికొచ్చి మంచినీళ్ళ చెంబు అందించబోయాడు. నరసప్ప తీసుకోలేదు. బైకు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

అతను సోమందేపల్లికి పోలేదు. రూతమ్మను నేనే అడిగాను, ఎప్పటికీ రాలేదని చెప్పింది. కుళ్ళాయమ్మ అతనింటి గడప తొక్కలేదు. బాలమ్మ మాత్రం ఏడాదికి ఒకసారి ఒంటరిగా రైలు దిగి వచ్చేది. ఇద్దరూ మగ్గం పక్కన కూర్చుని తినేవాళ్ళు, మాట్లాడుకునేవాళ్ళు. నరసప్ప పేరు మాత్రం ఆ ఇంట్లో ఎత్తేవాళ్ళు కాదు.